భోజనాలయ్యాక చెప్పిన ఫలితం

2025 ఏప్రిల్ 23న పదో తరగతి ఫలితాలు వచ్చేసరికి మా చెల్లెలి కూతురు స్నానాలగదిలో ఉంది. పొద్దున్న పదింటికి విడుదలన్నారు. ఇప్పుడు వాట్సాప్‌లో ఆంధ్రా ప్రభుత్వం వాళ్ళ ‘మన మిత్ర’కి హాల్‌టికెట్ నంబరు కొడితే చాలు, మార్కులు ఫోన్లోకే వచ్చి పడతాయి. మా చెల్లెలు కొట్టింది, చూసింది, స్నానాలగది తలుపు తట్టి “ఒసేయ్, 541!” అని అరిచింది. లోపల నీళ్ళ చప్పుడు ఒక్క క్షణం ఆగింది. “సరే గానీ, తువ్వాలియ్యి” అని వినబడింది. మా చెల్లెలు ఫోన్లో నాతో మాట్లాడుతూనే ఇదంతా చేసింది కాబట్టి హైదరాబాదులో కూర్చుని నేనూ విన్నాను. పావుగంటలో చుట్టాల గ్రూపు నిండా బొటనవేళ్ళు, పూలగుత్తులు, కేకు బొమ్మలు. మధ్యాహ్నానికి ఎవరో మోకాళ్ళ నొప్పులకి మెంతులు నానబెట్టుకోమని ఫార్వర్డ్ పెట్టారు. దాంతో పిల్ల పది పాసైన సంబరం పైకి జరిగిపోయింది.

మా రోజులే గొప్పవని రాయడానికి కూర్చోలేదు నేను. 1990లో పది రాశాను. ఫలితాల ముందు రాత్రి పడిన యాతన పగవాడి పిల్లకి కూడా వద్దు. ఫోనే నయం. కాకపోతే ఒక సంగతుంది. ఆ రోజుల్లో ఫలితం సరాసరి మన చేతికి వచ్చేది కాదు, నాలుగు చేతులు మారి వచ్చేది. పేపరు కట్టలు విప్పినవాడు, సెంటర్లో కిళ్ళీకొట్టాయన, దారిలో ఎదురైన మేష్టారు, ఆఖరికి మనింట్లోంచి వెళ్ళిన పెద్దాయన. మనం పాసో ఫెయిలో మనకన్నా ముందు వీళ్ళందరికీ తెలిసిపోయేది. తెలిసిన మనిషి ఆ కబురు మోసుకుంటూ ఇంటిదాకా సైకిలు తొక్కుకురావాలి. గుమ్మంలోకొచ్చాక ఏ మొహం పెట్టుకుని చెప్పాలో ఆలోచించుకోవాలి.

మా నాన్నకి ఆ పని పడింది. అది చెబుదామనే ఇదంతా.

మా ఊరు రావులపాలేనికి ఆరు కిలోమీటర్లు. అప్పటికి కోనసీమ వేరే జిల్లా కాలేదు, తూర్పు గోదావరే. మాదీ మా మేనత్తదీ ఒకే దొడ్డి, ఒకే నుయ్యి, మధ్యలో దడి కూడా లేదు. మావయ్య కువైట్లో డ్రైవరు. రెండేళ్ళకోసారి వచ్చేవాడు, వచ్చినప్పుడల్లా సెంటు వాసనేసే సబ్బులు తెచ్చేవాడు. అత్తయ్యా, వాళ్ళబ్బాయీ పేరుకి వేరే ఇంట్లో ఉన్నా సగం భోజనాలు మా వంటింట్లోనే. వాడు నాకన్నా రెండు నెలలు పెద్ద. ఒకటో తరగతి నుంచీ ఒకే క్లాసు. బావా అని పిలవమంటే నాకు చచ్చేంత సిగ్గు. మామ్మ వినేంత దూరంలో ఉంటే ఏమీ పిలిచేదాన్ని కాదు, లేనప్పుడు “ఒరేయ్” అనేదాన్ని.

పది పరీక్షలంటే అప్పట్లో 11 పేపర్లు. ఒక్క హిందీకి తప్ప అన్నిటికీ రెండేసి. మొత్తం 600 మార్కులు. సబ్జెక్టుకి 35 వస్తే పాసు. హిందీకి మాత్రం 20 చాలు. హిందీ రాయడానికి వెళ్ళేరోజు మా క్లాసంతా పెళ్ళికి వెళ్తున్నట్టు వెళ్ళింది. ఆఖరి అరగంటలో బిట్ పేపరు ఇచ్చేవాళ్ళు. బయటికొచ్చాక వేపచెట్టు కింద నిలబడి “మూడోదానికి ఏం పెట్టావ్? సీ యా? డీ కదే!” అని కొట్టుకోవడమే ఒక పరీక్ష. లెక్కలు రెండో పేపరు రాసినరోజు బావ బయటికొచ్చి ఎవరితోనూ బిట్లు సరిచూసుకోలేదు. సైకిలు స్టాండు తీసి, వెనక్కి తిరిగి, “ఎక్కవే, అమ్మ పునుగులు వేస్తానంది” అన్నాడు. నాకప్పుడే తెలిసిపోయింది. వాడికీ తెలుసు. దారిలో ఇద్దరం పునుగుల గురించే మాట్లాడుకున్నాం.

మా మామ్మకి చదువు రాదు. అయినా మా ఇద్దరి హాల్‌టికెట్ నంబర్లు కంఠతా పట్టేసింది. పొద్దున్నే దీపం పెట్టి, లలితం అయ్యాక, గొంతు మార్చకుండా అదే రాగంలో రెండు నంబర్లూ చదివేది. వాడిది చివర 417, నాది 432. “పేరు చెబితే సరిపోదా మామ్మా” అంటే, “నీ పేరున్న పిల్లలు ఈ తాలూకాలో ఎంతమంది ఉన్నారో! ఆయన మాత్రం ఎవర్నని వెతుక్కుంటాడు? నంబరైతే ఒక్కత్తెవే” అనేది. ఇప్పుడు ఆధార్ కార్డు చూసినప్పుడల్లా నాకు మామ్మే గుర్తొస్తుంది.

అమ్మ మొక్కు వేరు. పిల్లలిద్దరూ గట్టెక్కితే అన్నవరం వచ్చి వ్రతం చేయిస్తామని సత్యనారాయణస్వామికి మొక్కింది. అత్తయ్య పక్కనే ఉండి “నాదీ అదేనండి స్వామీ” అంది. ఇద్దరికీ కలిపి ఒకటే మొక్కు, ఖర్చు తగ్గుతుందని.

తర్వాత తుఫాను వచ్చింది. 1990 మే 9. మావైపు వాళ్ళకి ఆ తారీకు చెబితే చాలు. కృష్ణా జిల్లా దగ్గర తీరం దాటిందన్నారు గానీ దాని తోక మా మీద కూడా పడింది. రాత్రంతా ఇంటి పైకప్పు పట్టుకుని ఎవరో ఊపుతున్నట్టే ఉంది. పొద్దున్న నాన్నతో కలిసి చేలోకి వెళ్ళాను. గెలలు దిగాల్సిన అరటితోట, ఒక్క చెట్టు నిలబడి లేదు. అన్నీ ఒకేవైపు తలలు పెట్టి పడుకున్నాయి, ఎవరో వరసగా పడుకోబెట్టినట్టు. రావులపాలెం అరటి మార్కెట్టుకి వెళ్ళాల్సిన గెలలవి. నాన్న ఒక గెల పక్కన కూర్చుని పచ్చికాయ తుంపి, గోటితో గీరి చూసి, పక్కన పెట్టాడు. ఏమీ అనలేదు. ఇంటికొచ్చి పైకప్పు మీద జారిన పెంకులు సర్దాడు.

తర్వాత చాలా రోజులు కరెంటు లేదు. పరీక్ష రాసిన పిల్లల్లో ఒక పుకారు లేచింది. ఎక్కడో ఆన్సరు పేపర్ల మూటలు తుఫానులో తడిసిపోయాయట, అందుకని అందర్నీ పాస్ చేసేస్తారట. ఎవరు పుట్టించారో తెలీదు. ఫెయిలవుతామని తెలిసినవాళ్ళందరూ అది గట్టిగా నమ్మారు. బావైతే ఏ గదిలో తడిశాయో, నీళ్ళు ఎన్ని అడుగులు వచ్చాయో కూడా చెప్పేవాడు. అడిగినకొద్దీ నీళ్ళు పెరిగేవి.

ఇంకొన్ని వారాలకి, ఒక సాయంత్రం, బ్యాటరీల రేడియోలో ప్రాంతీయ వార్తల్లో చెప్పారు, రేపు పదో తరగతి ఫలితాలని. నేను అప్పుడు పొయ్యిలో కొబ్బరి డొక్కలు ఎగదోస్తున్నాను. తుఫాను పుణ్యమా అని ఆ ఏడాది వంటచెరుక్కి లోటు లేదు. అత్తయ్య వాళ్ళింట్లోంచి “వదినా! విన్నావా?” అంది. అమ్మ “విన్నా” అంది. అంతే, ఆ రాత్రికి ఇంకెవరూ ఆ ఊసు ఎత్తలేదు. మామ్మ మాత్రం దీపం పెట్టేవేళ కాకపోయినా రెండో దీపం పెట్టింది. నూనె ఖరీదు గురించి రోజూ సణిగే మనిషి.

పడుకున్నాం గానీ ఎవరికి నిద్ర? తప్పితే నాకేమవుతుందో ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అనక్కర్లేదు కూడా. మా వీధిలో నాకన్నా రెండేళ్ళు పెద్దమ్మాయి పది తప్పింది. ఆ శ్రావణంలోనే పెళ్ళి చేసేశారు. మగపిల్లలకైతే ఏ ట్యుటోరియల్లోనో చేర్పించి మళ్ళీ కట్టించేవాళ్ళు. ఆడపిల్లకి మళ్ళీ కట్టడానికి ఫీజు ఎందుకనుకునేవాళ్ళు. నేను కొత్తపేట కాలేజీలో చేరిన తర్వాత కూడా చాన్నాళ్ళు ఆ రాత్రి కలలోకొచ్చేది.

మూడున్నరకి నాన్న లేచి సైకిలు తీశాడు. పేపరు కట్టలు విజయవాడ వైపు నుంచి వానులో హైవే మీద వచ్చి, తెల్లారగట్ల రావులపాలెం సెంటర్లో దిగేవి. బావ అప్పటికే చొక్కా వేసుకుని అరుగు మీద కూర్చుని ఉన్నాడు. “నేనూ వస్తా మావయ్యా” అన్నాడు. నాన్న, “ఎనక టైర్లో గాలి లేదురా, నువ్వుండు” అన్నాడు. గాలి ఉంది. ముందురోజు నేనే కొట్టాను.

సెంటర్లో ఏం జరిగిందో నాన్న చాలా ఏళ్ళ తర్వాత, నాకు పెళ్ళయ్యాక చెప్పాడు. పేపరు రెట్టింపు రేటుకి అమ్మారట. అయినా దొరకలేదు. దొరికినవాడి చుట్టూ పదిమంది. ఒకాయన బడ్డీ ముందు బల్ల మీదెక్కి, లాంతరు పక్కన పెట్టుకుని గట్టిగా నంబర్లు చదువుతుంటే, కింద ఉన్నవాళ్ళు గోదావరి పుష్కరాల్లో తప్పిపోయినవాళ్ళని పిలిచినట్టు తమ నంబర్లు అరుస్తున్నారట. నాన్న ఎలాగో ఒక పేపరు సంపాదించి, జనంలోంచి బయటపడి, అరటిమండీ గోడ దగ్గర నిలబడ్డాడు. అగ్గిపుల్ల వెలుగులో మొదట ఫస్టు క్లాసు వరసల్లో చూశాడట. ఇద్దరం లేం. సెకండు క్లాసులో 432 కనబడింది. 417 లేదు. థర్డు క్లాసులోనూ లేదు. 416 ఉంది, 418 ఉంది.

అచ్చులో పడలేదేమో అనుకున్నాడు. అలా పడనివి ఉండేవి కూడా. అందుకని ఇంకో పేపరు కొన్నాడు. తోట పడిపోయిన ఏడాది, రెట్టింపు రేటుకి రెండో పేపరు! అందులోనూ లేదు. తెల్లారాక మా లెక్కల మేష్టారింటికి వెళ్ళాడు. ఆయన పళ్ళు తోముకుంటూ వచ్చి, రెండు పేపర్లూ చూసి, “మెమోలు వచ్చేదాకా ఆశ పెట్టుకోవచ్చు గానీ... వాడి పేపరు ఎలా రాశాడో వాడు నాకు ఆరోజే చెప్పాడండీ” అన్నారట. నాకు చెప్పనిది బావ మేష్టారికి చెప్పాడన్నమాట.

ఆ ముందు ఏడాది పక్క ఊళ్ళో ఒక కుర్రాడు ఫలితాలు వచ్చిన పూట ఇంట్లోంచి వెళ్ళిపోయాడు. మూడోరోజున రాజమండ్రి స్టేషన్లో దొరికాడు, ప్లాట్‌ఫారం మీద పడుకుని, తిండి లేకుండా. అది నాన్న మనసులో ఉన్నట్టుంది. తిరిగొచ్చే దారిలో మా ఊరివాళ్ళు ఇద్దరు కనబడితే ఆపి, “మధ్యాహ్నందాకా మావైపు రాకండి, మీ పిల్లల్ని కూడా పంపకండి” అని చెప్పాడట. వాళ్ళు ఎందుకని అడగలేదు.

ఇదంతా అప్పుడు మాకు తెలీదు. మాకు తెలిసిందల్లా తొమ్మిదింటికి నాన్న దొడ్డిదారిన వచ్చాడు, సైకిలు గోడకి ఆనించాడు, చేతిలో పేపరు లేదు. అందరం లేచి నిలబడ్డాం. “వాను రాలేదు. తుఫానుకి రోడ్డు దెబ్బతింది కదా, ఆలస్యమట. పన్నెండు దాటుతుందన్నారు” అన్నాడు. అబద్ధం చెప్పడం రాని మనిషి నాన్న. కాళ్ళు కడుక్కుంటూ, మా మొహాలకేసి చూడకుండా, “కూరేంటి?” అని అమ్మని అడిగాడు. పెళ్ళయిన పద్ధెనిమిదేళ్ళలో ఆయన కూరేంటని అడగడం అదే మొదటిసారని అమ్మ తర్వాత చెప్పింది. అమ్మకి అక్కడే అర్థమైపోయింది. ఎవరిదో మాత్రం తెలీలేదు.

ఎవరిదో తెలీకుండానే అమ్మ వంట మొదలుపెట్టింది. ముద్దపప్పు, వంకాయ కాల్చి పచ్చడి, దాచిన నెయ్యి తీసింది. అత్తయ్యని పిలిచి కొబ్బరి కోరమంది. అత్తయ్య కోరుతూ, “ఇవాళేం పండగ వదినా?” అంటే, “తోటలో పడిపోయిన కాయలే, పారేస్తామా?” అంది. అరటికాయ వేపుడు కూడా చేసింది. బావ అరుగు మీద నుంచి కదల్లేదు. వీధిలో ఎవరూ రావడం లేదెందుకో అని వాడు ఆశ్చర్యపోతున్నాడు. నేను మాత్రం నాన్న చొక్కా కేసి చూస్తున్నాను. అంత ఎండలో ఆయన చొక్కా విప్పలేదు.

పదకొండున్నరకే వడ్డించేశారు. నాన్న, బావ, నేను, మామ్మ ఒకే వరసలో. అమ్మ మా ఇద్దరికీ సమానంగా నెయ్యి వేస్తోంది. ఎవరికెక్కువ వెయ్యాలో తెలీక రెండుసార్లేసి వేసింది. నాకు ముద్ద దిగడం లేదు. నాన్న నావైపు చూసి, “తినమ్మా” అన్నాడు. బావకేసి చూసి, “పెరుగేసుకోరా” అన్నాడు. వాడు పెరుగన్నం కూడా తిన్నాడు. విస్తరి మడిచాడు. చెయ్యి కడుక్కోవడానికి లేవబోతుంటే నాన్న, “కూచో ఒక్క నిమిషం” అన్నాడు.

చొక్కాలోంచి పేపరు తీశాడు. చెమటకి తడిసి నడుం దగ్గర అచ్చు అంటుకుంది. “అమ్మాయి సెకండు క్లాసులో పాసైంది. అబ్బాయి మళ్ళీ రాస్తాడు.”

అంతే చెప్పాడు. మావైపు తప్పాడంటారు, పోయిందంటారు, డింకీ కొట్టాడంటారు. ఆ మాటల్లో ఒక్కటీ ఆయన నోట్లోంచి రాలేదు. రాస్తాడు అన్నాడు, అది రేపటి పనన్నట్టు. బావ ఎంగిలిచెయ్యి అలాగే పట్టుకుని పేపరు తీసుకున్నాడు. 416 దగ్గర వేలు పెట్టి, పక్కకి జరిపి, 418 మీద పెట్టాడు. మెతుకు ఒకటి అక్కడ అంటుకుపోయింది. ఆ పేపరు ఇప్పటికీ నా దగ్గరుంది. మెతుకు రాలిపోయింది గానీ నెయ్యి మరక ఉంది.

నాకు కోపం వచ్చింది. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. తొమ్మిదింటికి తెలిసిన సంగతి పన్నెండింటిదాకా నాకెందుకు చెప్పలేదు? మూడు గంటలు నన్ను చంపుకుతిన్నారు. పాసైనదాన్ని నేను! వాడికోసం నా సంతోషాన్ని కూడా చొక్కాలో పెట్టుకుని తిరిగాడు నాన్న. అమ్మ నన్ను పొదువుకోవడానికి కూడా జంకింది, ఆడబిడ్డ మొహం చూస్తూ. ఇంట్లో బెల్లం ముక్క పంచలేదు. అవతలి వీధిలో ఫస్టు క్లాసు వచ్చిన పిల్లాడింట్లో టపాకాయలు కాలుస్తున్న చప్పుడు వినబడుతుంటే, నేను వంటింట్లో కూర్చుని ఎంగిలి విస్తళ్ళు ఎత్తుతున్నాను.

అప్పుడు అత్తయ్య లోపలికొచ్చింది. తన ఇంట్లోంచి బెల్లం డబ్బా తెచ్చింది. పంచదార దొరకడం లేదు అప్పుడు. పెద్ద ముక్క విరిచి నా నోట్లో కుక్కింది, మాట్లాడనివ్వకుండా. “మా మేనకోడలు పాసైంది! ఏంటిది, ఈ ఇంట్లో ఎవరైనా పోయారేంటి?” అని అమ్మ మీద కేకలేసింది. డబ్బా చంకలో పెట్టుకుని వీధిలోకి వెళ్ళింది. ఈ చివర నుంచి ఆ చివరదాకా ప్రతి గుమ్మం ఎక్కి, “అన్నయ్య కూతురు సెకండు క్లాసండీ, ఇంద” అని పంచింది. మరి మీవాడో అని ఎవరైనా నోరు తెరిస్తే ఆ నోట్లో కూడా బెల్లమే పెట్టింది. డబ్బా ఖాళీ చేసుకుని ఇంటికెళ్ళి, తలుపు దగ్గరగా వేసి, బావ వీపు మీద రెండు దబదబా బాదింది. తర్వాత ఇద్దరూ ఏడ్చారు. దడి లేదు కదా, అన్నీ వినబడేవి.

సాయంత్రం బావ నూతి దగ్గరకొచ్చాడు. నేను నీళ్ళు తోడుతున్నాను. “నీళ్ళు ఆ గదిలోకి రాలేదన్నమాట” అన్నాడు. పుకారు సంగతి. నాకు నవ్వాలో వద్దో తెలీక చేద వదిలేశాను. నూతిలో పడిపోయింది. చీకటి పడేదాకా ఇద్దరం పాతాళగరిగె వేసి దాన్ని తీస్తూనే ఉన్నాం.

తర్వాత మెమోలు వచ్చాయి. నాకు 347. 13 మార్కుల్లో ఫస్టు క్లాసు పోయింది. దాని గురించి నేనింకా బాధపడుతుంటానంటే మా పిల్లలు నవ్వుతారు. బావకి లెక్కల్లో 23. హిందీలో 21, అది మాత్రం వాడు చొక్కా జేబులో పెట్టుకుని అందరికీ చూపించాడు.

(మార్కులంటే గుర్తొచ్చింది. 2012లో గ్రేడ్లు పెట్టారు చూడండి, ఆ మర్నాటి ఏడాది మా పెద్దాడు పది పాసై 9.2 తెచ్చుకున్నాడు. అమ్మకి ఫోన్ చేసి చెబితే చాలాసేపు మాట్లాడలేదు. “తొమ్మిదా? పోనీలే అమ్మా, మళ్ళీ రాస్తాడులే” అంది. నాన్న మాటే. పదికి తొమ్మిదే అని చెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఆవిడ వీధిలో ఎవరికీ చెప్పుకోలేకపోయింది పాపం, అంత చిన్న అంకె. తర్వాత మళ్ళీ మార్కులే వచ్చాయి, ఆవిడ చూడలేదు.)

అన్నవరం వెళ్దామని మామ్మ అంది. అమ్మ ఒప్పుకోలేదు. “ఇద్దరి పేరూ చెప్పి మొక్కాను. సగం తీరితే సగం వ్రతం చేయిస్తారా అక్కడ?” అంది. డబ్బుల్లేవన్నది అసలు కారణమేమో కూడా. రెండూ అయ్యుండొచ్చు.

ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్లోకి వచ్చింది. ఆ సంగతి రేడియోలో విన్నరోజు నుంచి మా ఇంట్లో పరీక్ష అన్న మాటే వినబడలేదు. మావయ్య దగ్గర నుంచి ఉత్తరం లేదు, కబురు లేదు. మా చుట్టుపక్కల ఊళ్ళల్లో ఏ వీధికి వెళ్ళినా ఇదే. ఎవరో ఒకరు గల్ఫులో ఉన్నవాళ్ళే. పొద్దున్నా సాయంత్రం వార్తలప్పుడు అత్తయ్య రేడియో ముందు అలా చెయ్యి నేలకానించి కూర్చునేది. మామ్మ దీపం దగ్గర మా నంబర్లు చదవడం మానేసింది. మావయ్యకి నంబరు లేదు. పాస్‌పోర్టు నంబరు ఏదైనా ఇంట్లో రాసి ఉందేమో వెతకమంది నన్ను. దొరకలేదు. దానికి చాలా బాధపడింది. బావ ఒక్కడే మాత్రం, ఏమీ మాట్లాడకుండా, రోజూ సాయంత్రం లెక్కల మేష్టారింటికి వెళ్ళొచ్చేవాడు. ఎవరూ వెళ్ళమనలేదు.

దసరా వెళ్ళాక ఒక మధ్యాహ్నం మావయ్య నడుచుకుంటూ వచ్చాడు. బస్రా దారిలో బాగ్దాద్, అక్కడి నుంచి అమ్మాన్, అమ్మాన్లో విమానం ఎక్కించి బొంబాయిలో దింపారట. చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి, గడ్డం, పెద్దసైజు ఎవరిదో చొక్కా. సబ్బులు లేవు. అత్తయ్య చూసి అరవలేదు. లోపలికెళ్ళి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, అప్పుడు కింద కూలబడింది. మావయ్య నీళ్ళు తాగుతూ బావకేసి చూసి, “పరీక్ష ఏమైందిరా?” అన్నాడు. అన్ని దేశాలు దాటొచ్చి ఆ మనిషి మొదట అడిగింది అది.

“మళ్ళీ రాశాను నాన్నా” అన్నాడు బావ.

సప్లిమెంటరీ ఫలితాలకి పేపరు కోసం ఎవరూ తెల్లారగట్ల వెళ్ళలేదు. వాడే మధ్యాహ్నం సైకిలు మీద వెళ్ళి, స్కూల్లో మేష్టారి దగ్గర చూసుకుని వచ్చాడు. మేం భోజనాలకి కూర్చుని ఉన్నాం. గుమ్మంలో నిలబడి నాన్నతో, “తిన్నాక చెబుతా మావయ్యా” అన్నాడు. నాన్న ముద్ద చేతిలో పట్టుకుని వాడి మొహంకేసి చూసి, తల వంచుకుని నవ్వుకున్నాడు. లెక్కల్లో 41.

మాఘమాసంలో అన్నవరం వెళ్ళాం, రెండిళ్ళవాళ్ళం కలిసి బస్సులో. రత్నగిరి మెట్లు మామ్మ ఎక్కలేదనుకుంటే అందరికన్నా ముందు ఎక్కేసింది. అమ్మా నాన్నా, అత్తయ్యా మావయ్యా పీటల మీద కూర్చున్నారు. మావయ్య ఆ పెద్దసైజు చొక్కాయే ఉతికించి వేసుకున్నాడు. అంతకన్నా మంచిది లేదు. వెనకాల మేమిద్దరం, మధ్యలో మామ్మ. సంకల్పం చెబుతూ పంతులుగారు గోత్రం అడిగారు, నాన్న చెప్పాడు. పేర్లు అడిగారు, పెద్దవాళ్ళ పేర్లు చెప్పారు. పిల్లల పేర్లు కూడా చెప్పండమ్మా అన్నారాయన.

వెనక నుంచి మామ్మ గొంతు సవరించుకుని, లలితం చదివే రాగంలో, మా రెండు హాల్‌టికెట్ నంబర్లూ మొదటి అంకె నుంచీ చదివింది. పంతులుగారు చెయ్యి ఆపి వెనక్కి చూశారు. “ఆయనకలాగే తెలుసండి, కానివ్వండి” అంది మామ్మ.